ఇంటా బయటా: మాట నేర్పే కొలువు

పై చదువులకని పిల్లల్ని దూరదేశాలు పంపడం మన కుటుంబాలకు ఇప్పుడు వింత కాదు. అమెరికా అన్నా ఆస్ట్రేలియా అన్నా కొరాపుట్‌లోను రాయగడలోను ఎవరూ నోరు తెరుచుకొని చూడరు. కాని ఇంట్లో ఆడపిల్ల "ఫ్రాన్సు వెళ్ళి అక్కడి బడిలో ఇంగ్లీషు చెబుతాను" అంటే మాత్రం పెద్దవాళ్ళు కొంచెం తికమకపడతారు. ఇంగ్లండు వాళ్ళకు పక్కనే, సముద్రపు పాయకు అవతల ఉండగా మన పిల్ల ఎందుకు? జీతమెంత? తిండి మాటేమిటి? తోడెవరు? ఈ ప్రశ్నలు మా చెవిని కూడ పడ్డాయి. మేము మెట్రిక్యులేషను చదివి ఆఫీసులో ఫైళ్ళు కదిపేవాళ్ళం, ఫ్రాన్సు చూచినవాళ్ళం కాదు. అయినా నిబంధనల కాగితం ఓపికగా చదివి సారం తీసి పై అధికారికి పెట్టడమే మా వృత్తి గనుక, ఈ నెల ఆ సారం మన పాఠకుల ముందు పెడుతున్నాము.

ఈ కొలువుకు పేరు భాషా సహాయకుడు, లేదా సహాయకురాలు. ఫ్రాన్సులో ఇది 1905 నుంచి ఉన్న ఏర్పాటు. ఏ భాష నేర్పాలో ఆ భాష బాగా మాట్లాడే పడుచువాళ్ళను ఆయా దేశాల నుంచి పిలిపించి, బడిలో అసలు ఉపాధ్యాయునికి పక్క సాయంగా కూర్చోబెడతారు. చాల దేశాల నుంచి వెళ్తారు. మన దేశంలో ఫ్రెంచి చదువుకున్న విద్యార్థులు కూడ వెళ్తున్నారు. మామూలుగా అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఏడు నెలలు. వారానికి 12 గంటలు పాఠం. చేతికి వచ్చేది నెలకు సుమారు 800 యూరోలు. దాన్ని రూపాయల్లోకి గుణించి మురిసిపోవద్దని తల్లిదండ్రులకు మా మనవి. అక్కడ సంపాదించింది అక్కడే, అద్దెకూ తిండికీ రైలు టిక్కెట్లకూ సరిపోతుంది. ఇది డబ్బు వెనకవేసే కొలువు కాదు, కొంత లోకం చూచి, ఫ్రెంచి నోటికి పట్టించుకొని రావడానికి పనికివచ్చే కొలువు.

ఇక రోజువారీ సంగతి. పారిస్ పేరు విని బయలుదేరిన పిల్లకు తరచు ఏ చిన్న ఊళ్ళోనో బడి తగులుతుంది. మొదటి నెలంతా కాగితాలతోనే సరి. ఇల్లు అద్దెకు ఇమ్మంటే బ్యాంకు ఖాతా ఏదీ అంటారు. బ్యాంకుకు వెళ్తే ఇంటి చిరునామాకు రుజువేదీ అంటారు. ఈ మెలిక చదివినప్పుడు మాకు ఫ్రాన్సు దేశం మీద ఒక్కసారిగా ఆత్మీయత కలిగింది! జనన ధృవీకరణ పత్రం, దానికి అధికారికంగా చేయించిన ఫ్రెంచి అనువాదం, వాటి నకళ్ళు ముందే సిద్ధం చేసుకోవాలి. తొలి జీతం చేతికందే వరకు బతకడానికి కొంత సొమ్ము ఇంటి నుంచి తీసుకువెళ్ళడం మంచిది.

బడిలో సహాయకురాలు మార్కులు వేయదు, పరీక్ష పెట్టదు. పెద్ద తరగతిలోంచి సగం మందినో, పదిమందినో విడదీసి ఆమెకు అప్పగిస్తారు. వాళ్ళచేత మాట్లాడించడమే ఆమె పని. బొమ్మ చూపించి అడుగుతుంది, ఆట ఆడిస్తుంది, తన ఊరి సంగతులు చెబుతుంది. ఆ దేశంలో ఆరేడు వారాలకొకసారి రెండు వారాల సెలవులు వస్తాయి. ఆదివారం కొట్లు చాలమటుకు మూసి ఉంటాయి, శనివారమే కూరగాయలు తెచ్చుకోకపోతే పస్తే. డిసెంబరులో పారిస్‌లో పొద్దు పొడిచేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం అయిదు కాకుండానే చీకటి. చలికంటె ఆ చీకటే మన దేశపు పిల్లలను ఎక్కువ కుంగదీస్తుంది. శాకాహారులకు కొంత ఊరట ఉంది. 2018లో చేసిన చట్టం మూలాన బడి భోజనశాలల్లో వారానికి ఒక పూటయినా మాంసం, చేప లేని భోజనం పెట్టవలసి వస్తోంది. తక్కిన పూటలు పప్పుపొడి డబ్బా కాపాడాలి. ఇంటికి ఫోను చేయడానికి లెక్క తెలుసుకోండి: శీతకాలంలో వాళ్ళ గడియారం మనకంటె నాలుగున్నర గంటలు వెనక. మనకు రాత్రి పది అయితే వాళ్ళకు సాయంత్రం అయిదున్నర.

భాష విషయంలో మన పిల్లకు ఇంగ్లండు పిల్లకు లేని సౌకర్యాలు రెండు ఉన్నాయి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. ఫ్రెంచిలో మనకు మల్లేనే 'నువ్వు' వేరు, 'మీరు' వేరు. హెడ్మాస్టరును 'నువ్వు' అనకూడదని మన పిల్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒడియాలో ఆపణ, తుమే, తు అని మూడు మెట్లు ఎక్కి దిగడం అలవాటైన పిల్లకు రెండు మెట్లు ఒక లెక్కా!

రెండవది అంకెలు. ఫ్రెంచివారు ఎనభైని 'నాలుగు ఇరవైలు' అంటారు. తొంభై మూడు చెప్పాలంటే 'నాలుగు ఇరవైల పదమూడు'. ఇది విని తక్కిన దేశాల పిల్లలు తల పట్టుకుంటారు. మన రాయగడ జిల్లా గుణుపురం వైపు సవరలున్నారు కదా, వారు పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును 'పన్నెండు ఒకటి' అంటారు, ఆపైన ఇరవైలతో గుణిస్తారు. వారి తొంభై మూడు 'నాలుగు ఇరవైల పన్నెండు ఒకటి'. పారిస్ పండితుడికీ గుణుపురం కొండ మీది సవర ముసలమ్మకూ లెక్క దాదాపు ఒకటే. ఇరవైని 'కోడియే' అనే ఒడియా ఇరుగుపొరుగుల మధ్య పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు.

సవరల మాట వచ్చింది గనుక ఇంకో సంగతి. ఈ భాషా సహాయకుల పద్ధతి తెలుసుకోవడానికి ఫ్రాన్సు దాకా పోనక్కరలేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వాడుక భాషకోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవర భాషకోసం ఆయన పడ్డ శ్రమ అంతగా తలచుకోము. ఆ భాషకు అప్పటికి పుస్తకం లేదు, చెప్పే గురువు లేడు. ఆయన సవరలను ఇంటికి పిలిపించుకొని, వారి పక్కన కూర్చొని, వారు పలికినట్లు పలికి, వ్రాసుకొని నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పే బడులు పెట్టించారు, వాచకాలు తయారు చేశారు. 1931లో సవర భాషను వివరిస్తూ ఆయన ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం మద్రాసులో అచ్చయింది, 1938లో నిఘంటువు వచ్చింది. అంత పండితుడూ ఆ ఇంటి అరుగు మీద విద్యార్థి. ఎదుట కూర్చొని మాట పలికి చూపిన సవరే గురువు. చేతిలో సర్టిఫికేట్ లేని గురువు.

ఆ అరుగు మీది పద్ధతే ఇప్పుడు ప్రభుత్వ పద్ధతి అయింది. 2007 ప్రాంతంలో ఒడిశా ప్రభుత్వం పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది, తరువాత వాటిని ఇరవై ఒకటి దాకా పెంచింది. ఆ పదిలో సవర ఉంది, మన రాయగడ కొండల్లోని కంధులు మాట్లాడే కువి కూడ ఉంది. కువి పలుకు మనకు దూరపు చుట్టం. ఇల్లును వాళ్ళూ 'ఇల్లు' అనే అంటారు, కన్నును 'కన్ను' అంటారు, చేతిని 'కేయు' అంటారు. కొండ మీద నుంచి ఆరేళ్ళ పిల్ల బడికి వస్తుంది. ఇంట్లో విన్నది కువి, పలక మీదిది ఒడియా. పంతులు ఏదో అడుగుతాడు, పిల్ల నేలచూపులు చూస్తుంది. ఆ పిల్లకు తెలివి లేదని వ్రాసేయడం తేలిక. కువి తెలిసిన భాషా ఉపాధ్యాయుడొకడు పక్కన ఉండి, అదే మాట ఆమె మాటలో అడిగితే ఆ పిల్లే గలగల మాట్లాడుతుంది. ఆంధ్రలో కూడ 2004లో ఎనిమిది గిరిజన భాషలతో ఇటువంటి బడులు పెట్టారు, అందులోనూ సవర, కువి ఉన్నాయి. చిత్రమేమంటే, సరిహద్దుకు ఇవతల కువి పిల్ల తన మాటను ఒడియా లిపిలో దిద్దుకుంటే, అవతల ఆమె మేనమామ కూతురు అదే మాటను తెలుగు లిపిలో దిద్దుకుంటుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మనం ఈ గడ్డకు నిన్న వచ్చినవాళ్ళం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయింది. జిల్లాలు మారినా మన ఇళ్ళలో ఆవకాయ మారలేదు, అట్లతద్ది మారలేదు. మారినది పిల్లల నోటి మాట. మామ్మ "అన్నం తిన్నావేటిరా?" అని అడుగుతుంది. మనుమడు "హఁ" అంటాడు. "కూరేటి?" అంటే "జాణినీ" అని పరుగెత్తుతాడు. మామ్మ తెలుగులో అడగడం, మనుమడు ఒడియాలో చెప్పడం. ఇద్దరికీ అర్థమవుతుంది గనుక ఎవరికీ దిగులు లేదు. ఒడియా మనకు అన్నం పెట్టిన భాష, దాన్ని తక్కువ చేసేవాళ్ళం మేము కాము. మా ఆఫీసు పని సగం అందులోనే. కాని విజయనగరం నుంచి పెళ్ళి శుభలేఖ వస్తే, ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లవాడు దాన్ని మామ్మ చేతికిచ్చి "ఇందులో ఏముందో చదివి చెప్పు" అంటున్నాడు. మామ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టిన నాడు ఆ శుభలేఖ ఎవరు చదువుతారు?

చట్టం మన పక్షాన ఉంది. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాటు చూడమంటుంది. అంతకుముందే, 1949లో, తరగతిలో 10 మంది గాని బడిలో 40 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి వేయాలని విద్యామంత్రులు తీర్మానించుకున్నారు. కాని మన పిల్లలను మనమే తలొక ఇంగ్లీషు మీడియం బడికి పంచి పెట్టి, ఒక్క తరగతిలో పదిమందిని చూపమంటే ఎక్కడ చూపగలము? అర్జీ వ్రాయడం మాకు తెలుసు. అర్జీకి జతపరచవలసిన జాబితాయే దొరకడం లేదు.

అందుచేత మా సూచన ఇది. ఫ్రాన్సు వాళ్ళ పద్ధతి మన సంఘం గదిలోకి తెచ్చుకుందాం. వారానికి 12 గంటలు మనకు వద్దు, ఆదివారం ఉదయం ఒక్క గంట చాలు. పిల్లలు పదిమందికి మించకూడదు. మార్కులు లేవు, బెత్తం లేదు. ఆ గంటలో తెలుగు తప్ప మరో మాట వినిపించకూడదు. చెప్పేవారు పండితులు కానక్కరలేదు. సాలూరు నుంచి కోడలుగా వచ్చిన అమ్మాయి ఒక వారం, రిటైరయిన తాతగారొకరు ఒక వారం, పొడుపుకథలు వచ్చిన మామ్మ ఒక వారం. మొదటి అరగంట మాట, రెండవ అరగంట అక్షరం. మొట్టమొదట ప్రతి పిల్లవాడూ తన పేరు, తండ్రి పేరు, తాతల ఊరి పేరు తెలుగులో వ్రాయాలి. ఆపైన శుభలేఖలు, బస్సుల మీది బోర్డులు, మామ్మకు వచ్చిన ఉత్తరాలు.

దీనివల్ల ఫ్రాన్సు వెళ్ళే పిల్లకు కూడ లాభమే. అక్కడి పిల్లలు ఇంగ్లీషు పాఠం మధ్యలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? నా పేరు మీ అక్షరాల్లో రాసిపెట్టవా?" సుద్దముక్క చేతికిచ్చి ఇరవై జతల కళ్ళు బోర్డు వైపు చూస్తుంటే, మన పిల్ల తెలుగులో వ్రాయగలగాలి. ఆ పక్కనే ఒడియాలో కూడ వ్రాస్తే మరీ మంచిది, రెండు లిపులు ఉన్న ఇంటిబిడ్డ అని తెలుస్తుంది.

ఆదివారపు గంటకు పిల్లలను పంపదలచినవారు, ఒక వారం వచ్చి చెప్పగలవారు తమ పేర్లు సంఘం కార్యదర్శిగారికి వ్రాసి పంప ప్రార్థన. ఈసారి జాబితాలో పదిమందయినా ఉండాలి. దాన్ని శుభ్రంగా నకలు తీసే పని మాది.