బొమ్మల చదువు మనకెందుకంటరా?

మా బడిలో చదువుకొని ఇంటర్ పాసైన ఒక మాదిగ పిల్లవాడికి ఒక చిన్న కాలేజీలో బొమ్మల చదువుకు సీటొచ్చింది. బి.ఎఫ్.ఏ. అంటారు. నాలుగేండ్ల చదువు. బొమ్మలు గీసుడు, శిల్పం చెక్కుడుతోపాటు కళల చరిత్ర కూడా చెప్తారు. ఫీజు కట్టే గడువు దగ్గరపడ్డది. తండ్రి తాపీమేస్త్రి. పన్నెండేండ్లు దుబాయిల గోడలు కట్టి వచ్చినవాడు. గంభీరావుపేటలో అంబేద్కర్ విగ్రహం కాడ మమ్మల్ని ఆపి అడిగిండు.

"సారూ, బొమ్మలు బువ్వ పెడ్తయా? మన ఊర్లె బోర్డులు రాసేటాయన్ను చూస్తలేవా? ఫ్లెక్సీలు వచ్చినంక బ్రష్షులు మూలకు పడేసి హమాలీకి పోతుండు. నా కొడుకును గూడ గట్లనే జెయ్యమంటవా?"

అక్కడున్న నలుగురూ ఆయన దిక్కే మాట్లాడారు. ఆస్తులున్నోళ్ల పిల్లలు బొమ్మలు గీసినా నడుస్తది, మనకు నడుస్తదా అన్నారు. మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే ఇదే ప్రశ్నకు ఇంతకుముందు ఒకసారి మేము తప్పు జవాబు చెప్పి ఉన్నాం. ఆ సంగతి ముందు ఒప్పుకొని తర్వాత మిగతాది మాట్లాడుతాం.

మా తప్పు

కొన్నేండ్ల కింద మా బడిలో ఒక మాల పిల్ల ఉండేది. నోటుబుక్కు వెనక పేజీలన్నీ బొమ్మలే. నాట్లేసే ఆడవాళ్ల వంగిన నడుములు, బీడీలు చుట్టే చేతులు, మానేరు ఒడ్డున మేకలు. పదో తరగతి అయినంక "సార్, ఇది ఏడ నేర్పిస్తరు?" అని అడిగింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటోళ్లం మేమే. ఆకలి తెలిసినోళ్లం. "ముందు నౌకరొచ్చే చదువు చదువు బిడ్డా, బొమ్మలు ఆనక" అన్నాం. మా మాట విన్నది. తనకు పట్టని చదువులో చేరి రెండో ఏడు ఆపేసింది. ఈమధ్య బస్టాండులో కలిసింది. "ఇప్పుడు గీస్తలేను సార్" అన్నది. మేము అడగలేదు. ఆమే చెప్పింది.

పంతులుగా ఆ పిల్లకు అన్యాయం చేశాం. అదే అన్యాయం ఈ పిల్లవాడికి చెయ్యదలచుకోలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

కళ మనది, చరిత్ర వాళ్లది

మనోళ్లకు కళ కొత్తదా? వేపకర్రతో పలక చేసి, తోలు బిగించి, మంట సెగకు కాపి, వేలితో కొట్టి చూసి "ఇగ పలికింది" అనేవాడికి ఏ కాలేజీ నేర్పింది? తంగేడుచెక్క వేసిన లందలో పచ్చితోలు నానబెట్టి, ఊరు నీళ్లు తోడుకునే మోటబొక్కెన కుట్టిన చేతులు ఎవరివి? గుడిలో రాతిని చెక్కితే శిల్పం అన్నారు. తోలును కోసి ముడతలేకుండా కుడితే కులవృత్తి అన్నారు. వాళ్లు పాడితే సంగీతం, మనం పాడితే జానపదం. ఈ పేర్లు ఎవరు పెట్టారు? పుస్తకం రాసినోళ్లు పెట్టారు. మనం రాయలేదు గనుక మన పేరు రాలేదు.

డక్కలోళ్లను మన పెద్దలందరు ఎరుగుదురు. మాదిగవాడకు వచ్చి, పటం విప్పి, కిన్నెర మీటి జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టిండని ఆ కథ. ఊరికి అవతల ఉంచినోళ్లను లోకానికే పెద్దలని చెప్పే కథ. ఆ పటాలు గీసినవాళ్లు నకాషీలు. ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఆ పని ఇంకా బతికి ఉన్నది. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేలమీద బొమ్మలు వేస్తారు. పదుల అడుగుల పొడవు పటం. సిరిసిల్ల పద్మశాలీలకు కూనపులివాళ్లు చూపించే మార్కండేయ పురాణం పటమూ ఈ పద్ధతిదే. పటం పాతబడితే నీళ్లలో కలిపేవాళ్లు. అందుకే పాతవి తక్కువ మిగిలాయి. మిగిలినవి కొన్ని మ్యూజియాలకు చేరాయి. 2010 నాటికి చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మకైతే గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మ ఎవరి కథ చెప్పిందో, ఎవరి వాడలో విప్పారో ఆ సంగతి ఎంతమందికి తెలుసు? ఆ కథ విన్నవాళ్ల బిడ్డలు ఆ చదువులోకి పోతేనే ఆ ప్రశ్న తరగతిలో లేస్తది.

నిండుకుండ చెక్కించిన తోలుపని మనిషి

ఇంకొక్క సంగతి చెప్తాం. ప్రతి వాడలోనూ చెప్పుకోవలసిన సంగతి.

అమరావతి బౌద్ధ స్తూపం గురించి బడి పుస్తకాల్లో ఉంటది. శాతవాహనులు కట్టించారని చదివిస్తాం, పరీక్షలో రెండు మార్కులకు రాయిస్తాం. కానీ రాజు ఒక్కడే కట్టించలేదు. ఎవరెవరో ఒక్కొక్క రాయి, ఒక్కొక్క స్తంభం దానం చేసి దానిమీద పేరు రాయించుకున్నారు. వాళ్లలో వ్యాపారులున్నారు, భిక్షుణులున్నారు, ఇండ్లల్లో ఆడవాళ్లున్నారు. ఒక రాతిపలక మీద చమ్మకార విధికుడు అని ఉన్నది. చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఆయన ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, చుట్టపక్కాలు అందరితో కలిసి ఆ పలక ఇచ్చిండు. ఆ పలక మీద చెక్కింది ఏమిటి? పూర్ణకుంభం. నిండుకుండ.

సుమారు 1800 ఏండ్ల కిందటి మాట ఇది. ఇయ్యాల పూర్ణకుంభం అంటే మంత్రులొచ్చినప్పుడు గుడి ముందర పూజారులు పట్టుకొని నిలబడేది. దాన్ని మనం ముట్టుకుంటే మైల. ఆనాడు తోలుపని మనిషి తన పేరుతో, తన కుటుంబం పేరుతో ఆ నిండుకుండను పవిత్రమైన స్తూపానికి ఇచ్చిండు. పంతులు కొడుకు తోలుపని చేసిండు. తోలుపనివాడి తండ్రి పంతులైండు.

ఆనాటి చమ్మకారుడూ ఈనాటి మాదిగా ఒకటేనని మేము సాగదీసి చెప్పం. నడుమ ఎన్నో వందల ఏండ్లున్నాయి. కానీ ఒక్కటి మాత్రం రాతిమీద ఉన్నది. తోలు ముట్టిన చెయ్యి అంటరానిది కాని కాలం ఈ తెలుగు నేలమీద ఉండె. అంటరానితనం ఆది నుంచీ ఉన్నదన్న మాట అబద్ధం. బాబాసాహెబ్ పుస్తకం రాసి వాదించిన సంగతికి ఇక్కడ మన పక్కనే ఒక రాయి సాక్ష్యం ఉన్నది.

ఈ శాసనం పండితుల పుస్తకాలకెక్కి వందేండ్లు దాటింది. అయినా మాకు నలభై ఏండ్లు వచ్చేదాకా తెలవదు. ఏ పంతులూ చెప్పలేదు. పంతులమైనంక మేమూ ఎవరికీ చెప్పలేదు. 1797లో కాలిన్ మెకంజీ అనే దొర అమరావతి పోయి చూసేనాటికే అక్కడి జమీందారు రాళ్లను తన కట్టడాల కోసం తవ్విస్తుండె. మిగిలినవాటిలో చాలామటుకు చెన్నై మ్యూజియంకు, లండన్ మ్యూజియంకు పోయినయి. మన పాత కరీంనగర్ జిల్లాలోనే ధూళికట్టలో స్తూపం ఉన్నది, కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికినయి. మనం ఎన్నిసార్లు పోయి చూశాం? వేములవాడకు ఏటా పోతాం, ధూళికట్టకు ఒక్కసారి పోలేదు.

కళల చరిత్ర అంటే ఇదే. ఈ రాయి ఎవరు చెక్కారు, ఎవరు పైసలిచ్చారు, ఎవరి పేరు రాసి ఎవరి పేరు వదిలేశారు అని అడిగే చదువు. ఇది మన చదువు కాకపోతే ఎవరిది?

చూసుడు నేర్పే చదువు

ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక మాటన్నాడు. "సార్, మన విగ్రహంల చెయ్యి పొడుగైంది. భుజం కిందికి జారింది." చందాలు పోగేసి నిలబెట్టుకున్న విగ్రహం. మాకు కోపమొచ్చింది, కసిరినం. తర్వాత ఫొటో పక్కన పెట్టి చూస్తే వాడన్నది నిజం. రోజూ దండం పెడుతున్నాం, జయంతికి దండ వేస్తున్నాం, ఏనాడూ చూడలేదు. వాడు చూశాడు.

2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. లారీలెక్కి పోయి చూసొచ్చాం. దాన్ని రూపొందించింది రామ్ సుతార్, ఆయన కొడుకు అనిల్ సుతార్. మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఒక పల్లెలో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో శిల్పం చదివిన మనిషి రామ్ సుతార్. బాబాసాహెబ్ చేతిలో ఉన్న రాజ్యాంగం అసలు ప్రతిలో కూడా బొమ్మలున్నయి. నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు వేశారు. మన నాయకుడి విగ్రహానికైనా, మన హక్కుల పుస్తకానికైనా బొమ్మల చదువు చదివిన చెయ్యి పడ్డది.

మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి బొమ్మలు దేశమంతా ఎరుగుతది. పెద్ద బొట్టు, నల్లటి ఒళ్లు, రంగురంగుల చీరలు. ఆ ఆడవాళ్లు మన ఊరోళ్లే. ఆయన గొప్పగా గీసిండు, కాదనం. అయితే మన అమ్మలు, అక్కలు పట్నపోళ్ల గోడల మీదికి ఎక్కితే చాలునా? నాటేసే మనిషి తనే బ్రష్షు పట్టి తన నడుం నొప్పి తను గీస్తే ఆ బొమ్మ ఎట్లుంటది? మాకు ఆ బొమ్మ చూడాలని ఉన్నది. ఆ మాల పిల్ల నోటుబుక్కులో కొంచెం చూశాం.

బువ్వ సంగతి

మేస్త్రి అడిగింది దాటేయం. కళ కడుపు నింపుతదని అబద్ధం చెప్పం. డక్కలి దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలిపనికి పోతున్నడని పేపర్లలో చూశాం. బిరుదు ఇచ్చినంత తేలికగా బతుకుదెరువు ఇయ్యరు.

కానీ చదువుకు దారులున్నయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది. సెంట్రల్ యూనివర్సిటీలో కళల చరిత్రలో పెద్ద చదువు ఉన్నది. మన సిరిసిల్లలోనే గిరిజన గురుకుల సంస్థ ఫైన్ ఆర్ట్స్ అకాడమీ పెట్టి ఫ్యాషన్ డిజైన్, ఫొటోగ్రఫీ వంటి కోర్సులు తెచ్చింది. మగ్గాల ఊర్లో బట్టకు డిజైన్ వేసేటోడికి పని దొరకదా? ఇంక 2009 విద్యాహక్కు చట్టం ఏమన్నది? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు పైన పిల్లలున్న బడికి కళలు నేర్పే పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్నది. ఆ పోస్టులు అడిగి తెచ్చుకుంటే అదే బువ్వ. అడగకుండా బువ్వ లేదనుకుంటే ఎట్ల?

పోతే, పిల్లవాడు పోయే చోట ఏమెదురైతదో కూడా తెలుసుకోవాలి. అక్కడ రంగులు, కాగితాలు, గుడ్డలు కొనుడే పెద్ద ఖర్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫీజుకే. పుస్తకాలు ఎక్కువ ఇంగ్లీషువి. ఒక్కడే పోతే బెదిరి వెనక్కి వస్తడు. అందుకని వాడొక్కణ్ని పంపుడు కాదు, వాడంతా కలిసి పంపాలె.

మేము అడుగుతున్నది

ఒకటి. ఈ పిల్లవాడి మొదటేడు రంగుల ఖర్చు మా పంతుళ్లం వేసుకుంటాం. రెండో ఏడుది సంఘం చూసుకోవాలె. లెక్క విగ్రహం కాడ అందరి ముందు చెప్తాం.

రెండు. 2023 ఫిబ్రవరిలో గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒక్క ఆవరణ అని పెద్ద భవనం తెరిచారు. అందులో వారానికి బొమ్మల పీరియడ్లు ఎన్ని, చెప్పేదెవరు అని తల్లిదండ్రులు కమిటీలో అడగాలె. ప్రతి హైస్కూల్లోనూ ఇదే అడగాలె.

మూడు. ఇండ్లల్లో మూలన పడ్డ పాత డప్పులు, ఆరెలు, చెప్పుల అచ్చులు పారేయొద్దు. పేరు, ఊరు, చేసినవాళ్లెవరో రాయించి మాకు ఇయ్యండి. డక్కలోళ్లు వస్తే పటం ఫొటో తీసి, కథ రికార్డు చెయ్యండి, ముందు వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చి.

నాలుగు. ఈ దసరా సెలవుల్లో ధూళికట్ట పోతాం. పిల్లల్ని పంపండి. పెద్దలు కూడా రండి.

మేస్త్రి ఇంకా ఔననలేదు. మొన్న రాత్రి విధికుని సంగతి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరుకు "ఆయన తండ్రి పంతులా?" అని ఒక్కటే అడిగిండు. ఔనన్నాం. ఫీజుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇది చదివినవాళ్లు ఆయన కనబడితే రెండు మాటలు చెప్పండి. మేము ఒకసారి తప్పు చెప్పినోళ్లం. మా ఒక్క మాట చాలదు.