మాట ఎవరిది, థీసిస్ ఎవరిది?

అనంతపురం కరువు మీద, వలసల మీద, వేరుశనగ మీద, రైతుల ఆత్మహత్యల మీద ఎన్నో థీసిస్‌లు వచ్చాయి. వాటిలో నాదీ ఒకటి. ఈ మధ్య పరిశోధక విద్యార్థినులు నన్ను కలిసినప్పుడల్లా కాపీరైట్ గురించి అడుగుతున్నారు. వాళ్ళ భయమల్లా గైడ్ గురించే. న్యాయమైన భయమే. నా థీసిస్‌లోని ఒక అధ్యాయం నా గైడ్ పేరు ముందు, నా పేరు వెనక అచ్చయింది.

చట్టం ఈ విషయంలో విద్యార్థిని పక్షానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసిన మనిషే తొలి హక్కుదారు. జీతానికి రాసినదానికి వేరే నియమం ఉంది గానీ స్కాలర్‌షిప్ జీతం కాదు. హక్కులు ఎవరికి రాసిచ్చినా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. చేరేటప్పుడు యూనివర్సిటీ ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటుందో చదువుకోవాలి, అంతే.

అయితే ఆ థీసిస్‌లో మాటలు ఎవరివి? కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్ళో, బూడిదా వేపాకూ కలిపి కొర్ర విత్తనం దాచే ఒక పెద్దామె నన్ను సూటిగానే అడిగింది: "రాసుకోని పోతే పోండి గానీ పాపా, మా పేరన్నా ఏస్తారా, ల్యాదా?"

వేయమని చట్టం బలవంతపెట్టదు. మాటను కాగితం మీద పెట్టిన చెయ్యే చట్టానికి కనిపిస్తుంది. పాట పాడినవాళ్ళకు 1994 సవరణతో కొన్ని హక్కులు వచ్చాయి. కానీ పరిశోధన కోసమే చేసిన రికార్డింగ్ ఆ హక్కుల ఉల్లంఘన కాదని 39వ సెక్షన్ చెబుతుంది. అంటే టేప్‌రికార్డరు పట్టుకొచ్చిన విద్యార్థినికి మినహాయింపు ఉంది, పాడిన ఆమెకు అడిగే వీలు లేదు.

మన థీసిస్‌ల అలవాటు చూడండి. విత్తనం సంగతి వచ్చేసరికి "స్థానిక మహిళలు తెలిపారు" అంటాం. భర్త పురుగుల మందు తాగి చనిపోయిన ఆమె సంగతి వచ్చేసరికి ఊరు, కులం, ఎకరాలు, అప్పు, పిల్లల వయసులు అన్నీ రాస్తాం. పేరు మార్చాం కదా అనుకుంటాం. ఆ ఊళ్ళో ఎవరికి తెలియదు ఆమె ఎవరో? ఒకప్పుడు థీసిస్ లైబ్రరీ బీరువాలో ఉండేది. 2009 యూజీసీ నిబంధనల తర్వాత శోధ్‌గంగలోకి ఎక్కుతోంది. ఆమె మరిది చదవొచ్చు, అప్పిచ్చినవాడూ చదవొచ్చు.

పేరు ఉండాల్సిన చోట తీసేస్తున్నాం, దాచాల్సిన చోట బయటపెడుతున్నాం.

పేరు ఎందుకు ముఖ్యమో పసుపు చరిత్ర చెబుతుంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతి మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి పేటెంట్ వచ్చింది. సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేస్తే 1997లో రద్దయింది. అక్కడ పనికొచ్చింది మన అవ్వల చేతివైద్యం కాదు, ఒక పాత సంస్కృత గ్రంథం, 1953లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం వంటివి. వేరే దేశంలో జనం వాడుతున్నారంటే అప్పటి అమెరికా చట్టానికి చాలదు, అచ్చులో ఉండాలి. మన పేటెంట్ చట్టంలో 2002 సవరణ తర్వాత నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని చూపి కూడా అభ్యంతరం చెప్పవచ్చు. అయినా చూపడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. పేటెంట్ కావాలనుకునేవాళ్ళు అచ్చుకు ముందే దరఖాస్తు పెడతారు. మనకు కావలసింది దానికి తిరగేసినది: ఇంకెవరూ పేటెంట్ తీసుకోకుండా, ఆ ఆడవాళ్ళ పేరుతో, ఊరితో, తేదీతో ముందే అచ్చు కావడం.

విత్తనాల విషయంలో 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం ఉంది. పల్లె కుటుంబాలు కాపాడిన విత్తనాన్ని వాడి కొత్త రకం తయారుచేస్తే ఆ సంగతి దరఖాస్తులో చెప్పాలి. చెప్పకపోతే దరఖాస్తు తిరస్కరించవచ్చు. 41వ సెక్షన్ కింద ఒక ఊరి తరఫున స్వచ్ఛంద సంస్థ కూడా క్లెయిము వేయవచ్చు. వేయాలంటే ఏ ఊరు, ఎవరు, ఎప్పటి నుంచి అన్నది ఎవరో రాసి ఉంచాలి. "స్థానిక మహిళలు" అన్న థీసిస్ అక్కడ చిత్తు కాగితం.

ఇది చేయలేని పనేం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ళ పేర్లతోనే ఉన్నాయి. ఆ పని చేసినవాళ్ళు డిగ్రీ కోసం చేయలేదనుకోండి.

యూనివర్సిటీల నైతిక నియమాల కమిటీల మీద నాకు పెద్ద ఆశ లేదు. మేం ఊళ్ళోకి వచ్చేది సంఘాల్లో పనిచేసే మీ వెంటే. మీరు కూర్చోబెడితేనే ఆడవాళ్ళు మాతో మాట్లాడతారు. కాబట్టి షరతు పెట్టగలిగినవాళ్ళు మీరే. ఎవరి పేరు వేయాలి, ఎవరి పేరూ ఊరూ కూడా దాచాలి అన్నది వాళ్ళనే అడగండి. రాసినది సమర్పించేముందు తెలుగులో చదివి వినిపించమనండి, వద్దన్నది తీసేయమనండి. పాటల రికార్డింగు కాపీ ఒకటి సంఘానికి ఇమ్మనండి. ఇదంతా సంఘం తీర్మానాల పుస్తకంలో రాసి, వచ్చిన అమ్మాయి చేత సంతకం పెట్టించుకున్నాకే ఊళ్ళోకి తీసుకెళ్ళండి.