ధైర్యం లేదన్నది ఎవరికి?

మొన్న నాంపల్లిలో ఒక హాలులో ఇంజనీరింగ్ పిల్లలకు వ్యక్తిత్వ వికాసం క్లాసు పెట్టారు. మా వాడ పిల్లలు పోతుంటే మేమూ వెంట పోయినం. సూటు వేసుకున్న పెద్దమనిషి "సొంత వ్యాపారం పెట్టాలని ఎవరికుంది? చేతులెత్తండి" అన్నాడు. మన పిల్లల చేతులు లేవలేదు. "మీకు ఆత్మవిశ్వాసం లేదు. ఉద్యోగం, రిజర్వేషన్ అంటూ కూర్చుంటారు" అని తేల్చేశాడు.

బయటికొచ్చినంక అడిగితే ఒక పిల్లగాడు చెప్పిండు: "చెయ్యెత్తితే పైసలు ఏడికెల్లి తెస్తవ్ అంటడు సార్. ఏం జెప్పాలె?" వాడికి ఆశ లేక కాదు. బావుల కాడి మోటార్లకు స్టార్టర్లు చేసి అమ్మాలని రెండేళ్లుగా నోటుబుక్కులో లెక్కలు రాసుకుంటున్నడు. ఊర్లో మోటారు కాలితే విప్పేది వాడే.

అక్కడి నుంచి ఆబిడ్స్ దాకా నడిచినం. ఆబిడ్స్ అన్న పేరే ఒక దుకాణందారుది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ అక్కడ దుకాణం పెట్టిండు. ప్రభువు అండ ఉన్నోడు. ఆయనకెవరూ ఆత్మవిశ్వాసం గురించి క్లాసు పీకలేదు. ఇయ్యాల గల్లా మీద కూర్చున్న సేటు కొడుకు చిన్నప్పుడు ఆ గల్లా పక్కనే హోంవర్కు రాసినోడు. సరుకు ఉద్దెర ఇచ్చేది మేనమామ, నష్టమొస్తే ఆదుకునేది కులం. దాన్ని మాత్రం కులం అనరు, 'బిజినెస్ మైండ్' అంటారు! మనం హాస్టల్ సీటు అడిగితే అది కులం.

చదువూ ధైర్యమూ ఉంటే చాలా? అమెరికాలో, లండన్‌లో చదివిన అంబేద్కర్ 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చిండు. షేర్ల మీద సలహాలిచ్చే ఆఫీసు పెట్టిండు. గిరాకీ వచ్చింది. అంటరానివాడని తెలిసినంక ఆగిపోయింది. ఆయనకూ ఆత్మవిశ్వాసం లేదందామా?

2016 ఏప్రిల్‌లో కేంద్రం స్టాండప్ ఇండియా పెట్టింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, ఒక మహిళకూ కొత్త వ్యాపారానికి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలన్నరు. 2025 దాకా నడిపిన్రు. 2022లో మా ఊరి ఇంకో ఇంజనీరును వెంటబెట్టుకుని ఒక బ్రాంచికి పోయినం. మేనేజరు కాగితాలు తిప్పకముందే "భూమి పట్టా ఉందా? షూరిటీ ఎవరు?" అన్నాడు. తాతల నాటి నుంచి పరాయి పొలంలో పనిచేసినోళ్లకు పట్టా ఎక్కడిది? పట్టా లేనోళ్ల కోసమే కదా ఈ స్కీము అన్నాం. రేపు రండి అన్నాడు. ఆరుసార్లు తిప్పిండు. ఏడోసారి పిల్లగాడే రానన్నడు. ఇప్పుడు బండి మీద ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తున్నడు.

మన సంఘాలోళ్లతోనూ ఒక పేచీ ఉంది. వ్యాపారం కోమట్లది, మనకెందుకు, భూమీ ఉద్యోగాలే మన పోరాటం అంటారు కొందరు. చెప్పు కుట్టింది మనం, చెప్పుల షాపు ఎవరిది? భూమిలో వాటా అడిగినట్టే గల్లాలోనూ అడగాల్సిందే.

అందుకే మీ మండలంలోని ప్రతి ప్రభుత్వ బ్యాంకు బ్రాంచీ మీదా సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. 2016 నుంచి 2025 దాకా ఈ స్కీము కింద ఏ ఏడు ఎంతమంది ఎస్సీ, ఎస్టీలు అప్పు అడిగారు, ఎంతమందికి ఇచ్చారు, ఇవ్వనోళ్ల కాగితాల మీద ఏం కారణం రాశారు, ఈ మూడే అడగండి. పేర్లు అడిగితే ఆ సాకుతో తిప్పి పంపుతారు. లెక్కలే అడగండి. జవాబు కాపీలు మాకు పంపితే బ్రాంచి పేరుతో సహా ఇక్కడే అచ్చేస్తాం.