గ్లూకోజ్ ఎక్కించే ముందు రెండు ప్రశ్నలు

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి అయినా, యానాంలోని చిన్న ఆసుపత్రి అయినా, నీరసించిన రోగి బంధువులు తరచూ అడిగేది ఒకటే: ‘ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించండి.’

గ్లూకోజ్‌ను శక్తిగా మార్చుకోవడానికి శరీరానికి విటమిన్ బి1, అంటే థయమిన్, కావాలి. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. మరపట్టిన తెల్లబియ్యమే తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ప్రబలింది ఈ లోపం వల్లనే. నేడు అతిగా మద్యం తాగేవారిలో, ఆగని వాంతులతో బాధపడే గర్భిణుల్లో ఈ లోపం కనిపిస్తోంది. వారికి థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే వెర్నికీ వ్యాధి రావచ్చు. తడబడే నడక, మతి తప్పిన మాటలు చూసి మత్తు దిగలేదనుకునే ప్రమాదమూ ఉంది.

ఈ ముప్పును ముందుగా పసిగట్టగలిగేది నర్సే. ‘ఎన్నాళ్లుగా సరిగా తినడం లేదు? మద్యం అలవాటుందా?’ అన్న ప్రశ్నలను రోగిని చేర్చుకునేటప్పుడే తప్పనిసరి చేయాలి. అనుమానముంటే నర్సు వెంటనే డాక్టరుకు చెప్పాలి. గ్లూకోజ్‌కు ముందో, దానితోపాటో థయమిన్ అందేలా చూడాలి. రక్తంలో చక్కెర బాగా పడిపోయినప్పుడు మాత్రం గ్లూకోజ్‌ను ఆలస్యం చేయకూడదు.

థయమిన్ చవకైన మందు. నర్సింగ్ పాఠాల్లో బి విటమిన్లను బట్టీపట్టే పట్టికగా కాకుండా, ఇలా రోగి మంచం దగ్గర పనికొచ్చేలా నేర్పాలి.