పనులు ఐదు కావచ్చు, తాళంచెవి ఒక్కటే ఉండాలి

ఒకే మనిషికి ఐదు మెయిల్ అకౌంట్లు ఎందుకండీ అని ఏ ఆఫీసులో అడిగినా ఒకటే జవాబు: "ఆమే కదా అన్నీ చూసుకునేది!" నిజమే, పనులు ఐదు ఉండొచ్చు. అంతమాత్రాన పాస్‌వర్డులు కూడా ఐదు ఉండాలా? నా గోలంతా దాని గురించే.

సిద్దిపేటలో ఓ చిన్న కంపెనీ మెయిల్ సర్వరు కొన్నాళ్ళు నేను చూశాను. పేరొద్దులెండి. బయట డేటా సెంటర్లో ఓ లినక్స్ మెషిను, దాని మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్. అంతే. అక్కడ లెక్కలు చూసే అమ్మాయికి సొంత పేరుతో ఒకటి, ఆపైన ఇన్ఫో, అకౌంట్స్, హెచ్‌ఆర్, టెండర్స్.. మొత్తం ఐదు అకౌంట్లు. టెండర్స్ పాస్‌వర్డు ఇంకో ముగ్గురికి కూడా తెలుసు. ఆమె సెలవు పెడితే పని ఆగకూడదు కదా మరి!

ఓ రోజు ఒక టెండరు మీద వివరణ అడుగుతూ మెయిలొచ్చింది. రెండ్రోజులు గడువు. ఆ అకౌంటుని ఎవరో పాప్‌లో పెట్టుకున్నారు, సర్వర్లో కాపీ ఉంచమనే టిక్కు పెట్టలేదు. మెయిలు వాళ్ళ మెషిన్లోకి దిగిపోయింది, సర్వర్లోంచి మాయం. గడువు దాటింది, టెండరు పోయింది. "నువ్వే కదా చూడాల్సింది" అని అందరి ముందూ ఆ అమ్మాయిని నిలబెట్టి అడిగారు.

లాగ్ తీశాను. టెండర్స్ అనే యూజరు పాప్‌లో లాగినయ్యాడు, ఒక మెయిలు చెరిపాడు. ఐపీ ఆఫీసుది. నలుగురికీ అదే యూజరు, అదే ఐపీ. ఆమె మెషిన్లో ఐమాప్ పెట్టింది నేనే. కానీ "ఫోన్లో పెట్టుకుందేమో" అని బాసు అంటే చూపించడానికి నా దగ్గర ఒక్క లైను కూడా లేదు. ఆ మాట ఆమె మీదే ఉండిపోయింది.

సర్కారు ఆఫీసుల్ని మనం తెగ తిట్టుకుంటాం గానీ, ఈ విషయంలో వాళ్ళ పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది ఉంది. 2016 అక్టోబర్ 11న మెదక్ జిల్లాని మూడు చేసినప్పుడు సిద్దిపేట జిల్లా అయింది. అప్పట్నుంచి ఎందరు ఆఫీసర్లు మారినా మనం ఉత్తరం రాసేది "జిల్లా కలెక్టర్, సిద్దిపేట" అనే. ఉత్తరం కుర్చీకి వెళ్తుంది. ఏదైనా పోస్టు ఖాళీ అయితే పక్క ఆఫీసరుకి అదనపు చార్జి ఇస్తారు. అప్పుడు ఆయన కింద రెండు కుర్చీలుంటాయి, రెంటికీ ఫైళ్ళు వేరు. సంతకం మాత్రం ఆయనదే, ఒక్కటే. 2015లో గెజిట్లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఈమెయిల్ పాలసీ కూడా పేరుతో ఒక ఐడీ, హోదాతో ఒక ఐడీ అని విడదీసింది. ఇంటర్నెట్ వాళ్ళు అంతకంటే ముందే, 1997లోనే, ఆర్‌ఎఫ్‌సీ 2142లో ఇన్ఫో, సేల్స్, సపోర్ట్ లాంటి పేర్లు మనుషులవి కావు, పనులవి అని రాసి పెట్టారు.

కాబట్టి నేననేదేంటంటే, అడ్రసు కుర్చీది, లాగిన్ మనిషిది. ఈ రెంటినీ కలిపేస్తేనే తంటా.

ఆ అడ్రసు ఒక్కరే చూస్తుంటే ఏలియాస్ చాలు. పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క లైను పని. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక యూజరుకి 30 ఏలియాస్‌ల దాకా ఉచితం. నలుగురు చూస్తుంటే మాత్రం ఏలియాస్ చాలదు. ఎవరి ఇన్‌బాక్సులో వాళ్ళకో కాపీ పడుతుంది, ఎవరు జవాబిచ్చారో మిగతావాళ్ళకి తెలీదు. అక్కడ షేర్డ్ మెయిల్‌బాక్స్ పెట్టాలి. మైక్రోసాఫ్ట్ 365లో 50 జీబీ దాకా దానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. డవ్‌కాట్‌లో ఏసీఎల్ రాసుకోవాలి. చెరిపే హక్కు ఎవరికివ్వాలో అక్కడే తేల్చుకోవచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో సెండర్ లాగిన్ మ్యాప్స్ పెడితే, టెండర్స్ పేరుతో ఏ లాగిన్లు పంపొచ్చో సర్వరే చూసుకుంటుంది.

"వేర్వేరు అకౌంట్లుంటే పని కలగాపులగం కాదు" అనేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది, టెండరు మెయిళ్ళ మధ్యలో జీతాల మెయిళ్ళు ఎవరికి కావాలి? కానీ దానికి వేరే ఫోల్డర్ కావాలి గానీ వేరే పాస్‌వర్డు ఎందుకు? ఒక్క చోట మాత్రం రెండో అకౌంటు తప్పదంటాను: సర్వరుని నడిపే మనలాంటివాళ్ళకి అడ్మిన్ లాగిన్ విడిగా ఉండాల్సిందే. రోజూ మెయిళ్ళు చదివే లాగిన్‌తో సర్వరు తాళాలు తీయకూడదు.

ఆ గొడవ తర్వాత అక్కడ మనిషికో లాగిన్ పెట్టి, టెండర్స్‌ని షేర్డ్ బాక్సు చేశాను. ఒక పూట పని. ఇప్పుడు మెయిలు చెరిపితే లాగ్‌లో చెరిపినవాళ్ళ పేరే ఉంటుంది. పాస్‌వర్డు పంచుకోవడాన్ని మనం నమ్మకం అనుకుంటాం. ఏదైనా తేడా వస్తే మాత్రం అందరికంటే చిన్నవాళ్ళే దొరికిపోతారు. ఆ అమ్మాయికి మాత్రం ఆ పూట పని ఒక నెల ఆలస్యంగా జరిగింది.

రేపు ఆఫీసుకెళ్ళాక ఇన్ఫో పాస్‌వర్డు ఎంతమందికి తెలుసో ఓసారి కనుక్కోండి. ఒకరికంటే ఎక్కువమందైతే, రేపటి తప్పు ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు.