షుగర్ ఒక్కటే చూస్తే చాలదు

ఫాస్టింగ్ షుగర్ 110 వచ్చిందని నిశ్చింతగా ఉన్నారా? మంచిదే. మరి బీపీ ఎంత? ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? మధుమేహం ఏళ్ల తరబడి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. అక్కడ కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. నరాలూ దెబ్బతింటే గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, వికారమే కనిపించొచ్చు. మనమేమో గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటాం.

అందుకే షుగర్‌తో పాటు బీపీ, కొలెస్ట్రాల్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలూ ఇంటి లెక్కలో ఉండాలి. షుగర్ అదుపులో ఉంది కదా అని స్టాటిన్, బీపీ మాత్రలు సొంతంగా మానేయకండి. మధుమేహం ఉన్న అమ్మకో నాన్నకో ఉన్నట్టుండి ఆయాసం, చల్లచెమటలు వస్తే తెల్లారేదాకా చూడకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.