జూదం పాపమా? వాటా రాకపోవడం పాపమా?

కాలిఫోర్నియాలో కబజాన్ అనే ఆదివాసీ తెగ ఉంది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు పోయేనాటికి ఆ తెగలో నమోదైనవాళ్లు 25 మందే. తమ రిజర్వేషన్ భూమిలో బింగో, పేకాట నడుపుకుంటే రాష్ట్ర ప్రభుత్వం కన్నెర్ర జేసింది. జూదం నేరమంది. మాఫియా చొరబడుతుందంది. అదే ప్రభుత్వం అప్పటికే లాటరీ టికెట్లు అమ్ముతోంది! కోర్టు ఆ సంగతే గుర్తుచేసింది. రాష్ట్రం జూదాన్ని నిషేధించలేదు, నియంత్రిస్తోంది అంతే. కాబట్టి ఆదివాసుల గడ్డ మీద దాని పెత్తనం చెల్లదని 1987లో 6-3తో తీర్పు చెప్పింది.

రెండేళ్లు తిరగకముందే, 1988 అక్టోబరులో, వాషింగ్టన్ చట్టం తెచ్చింది. సంప్రదాయ ఆటలు తెగల ఇష్టం. బింగోకు తెగలతో పాటు కేంద్ర కమిషన్ పర్యవేక్షణ. అసలు డబ్బులొచ్చే స్లాట్ మిషన్ల కాడికొచ్చేసరికి మాత్రం రాష్ట్రంతో ఒప్పందం చేసుకోవాలె. కోర్టు బయటికి నెట్టిన రాష్ట్రాలు దొడ్డిదారిన లోపలికొచ్చినయ్. బదులుగా తెగలకు ఒక రక్షణ: రాష్ట్రం నిజాయితీగా చర్చలకు రాకపోతే ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చు.

ఆ రక్షణ ఎనిమిదేళ్లు కూడా నిలవలేదు. ఫ్లోరిడాపై సెమినోల్ తెగ వేసిన కేసులో, రాష్ట్రం ఒప్పుకోనిదే దానిపై ఈ దావా చెల్లదని 1996లో సుప్రీంకోర్టే 5-4తో తేల్చింది. షరతు మిగిలింది, హక్కు పోయింది. మనకిది కొత్త కథనా? 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1985 నాటి 610 జీవో... సంతకాలన్నీ ఉన్నయ్. అమలు చేయనోణ్ని నిలదీసే చోటేది? 2014లో రాష్ట్రం వచ్చేదాకా రోడ్డు మీదే నిలదీసినం.

ఇక విధానం ఎట్ల తయారైందో చూడండి. కనెక్టికట్ 1993లో పెక్వాట్ తెగ స్లాట్ మిషన్ల రాబడిలో 25 శాతం రాయించుకుంది. పన్ను వేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని స్లాట్ మిషన్లు ఇంకెవరికీ ఇయ్యమన్న హామీకి ప్రతిఫలమన్నారు. నిన్నటి పాపం బడ్జెట్ పద్దు అయింది!

కాలిఫోర్నియాలో కొంత నయం. 1998లో ఓటర్లు ఆమోదించిన చట్టాన్ని మరుసటేడు రాష్ట్ర సుప్రీంకోర్టు దాదాపు కొట్టేసినా, దావాకు రాష్ట్రం ఒప్పుకున్న నిబంధన మాత్రం బతికింది. అందుకే సాధారణ ఖజానాకు వాటా అడగడం పన్నేనని 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అనగలిగింది. జూదంతో సంబంధంలేని కుటుంబ చట్టాల్ని ఒప్పందంలో ఇరికించినందుకు 2022లో మళ్లీ మొట్టికాయ వేసింది.

కాసినో మంచిదని మేమనడం లేదు. జూదం కొంపలు ముంచుతుంది, అక్కడైనా ఇక్కడైనా. 2023 ఆర్థిక సంవత్సరంలో తెగల జూద రాబడి 4,190 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం కొద్ది కేంద్రాలదే. దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో కాసినోా ఉంది, పేదరికమూ ఉంది. అయితే కాలిఫోర్నియాలో కాసినో లేని, చిన్న కాసినోలున్న తెగలకు ఏటా 11 లక్షల డాలర్ల దాకా అందుతోంది. అది సర్కారు భిక్ష కాదు. కాసినోలున్న తెగలు కట్టే సొమ్ము.